మంగతాయారు గారి కార్డుల డబ్బా

పాతికమంది సహోద్యోగుల ఎదుట, ప్రొజెక్టరు వెలుగులో, ఎవరి సాయమూ లేకుండా నా పరువు నేనే తీసుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వడం అయ్యాక మాత్రం నాతోపాటు ఒకావిడకి దణ్ణం పెట్టాలి. అదొక్కటే షరతు.

రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు దగ్గర, మూడో అంతస్తులో మాదొక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. పెద్దాఫీసు హైదరాబాదులో ఉంది. నేను చేరిన ఏడాదే జనం ఒకరి తర్వాత ఒకరు మానేయడం మొదలుపెట్టారు. మా బ్రాంచి మేనేజరు సుబ్బరాజు గారు ఒకరోజు నన్ను గదిలోకి పిలిచారు.

"ఏవయ్యా ప్రసాదూ, వచ్చే నెల హైదరాబాదు నించి పెద్దసారు వస్తున్నారు. జనం ఇలాగే పోతా ఉంటే బ్రాంచి మూసేసి అందర్నీ అక్కడికే రమ్మంటారంట. నాకా, ఇల్లూ పొలవూ ఇక్కడే. నువ్వు ఆ డేటా చదువేదో చదివావు కదా, ఏదోటి చెయ్యవయ్యా బాబూ."

"ఎవరు మానేస్తారో నెల ముందే చెప్పే మోడల్ కట్టేస్తానండి. ముందే తెలిస్తే బుజ్జగించి ఆపుకోవచ్చు," అన్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. గోదావరికి వరద ఎప్పుడొస్తుందో కూడా నన్నే అడగాలి అనుకునే వయసు.

జీతాలు, సెలవులు, ఇంటికీ ఆఫీసుకీ మధ్య దూరం, అన్నీ కంప్యూటర్‌కి తినిపించాను. అది తిన్నదే గానీ ఏమీ చెప్పలేదు. చివరికి విసుగొచ్చి, గుమ్మం దగ్గర హాజరు మెషీన్ లెక్కలు కూడా పోశాను. రోజూ పొద్దున్న ఎవరి కార్డు ముందు పడింది, ఎవరిది చివర పడింది అన్న వరస అది. అప్పుడు బయటపడింది అసలు రహస్యం. ఇప్పటిదాకా మానేసిన ప్రతి ఒక్కరి కార్డూ, రాజీనామాకి కొన్ని వారాల ముందు నుంచి వరసలో చివరికి జారిపోయింది. ఒక్కరు కూడా తప్పలేదు! నాకు ఒళ్లు గగుర్పొడిచింది. సృష్టి రహస్యం నా లాప్‌టాప్‌లోకి దిగి వచ్చిందనుకున్నాను.

దానికో సిద్ధాంతం కూడా అల్లాను. మనసు ఆఫీసు నుంచి వెళ్లిపోయాక కాళ్లు మెట్ల మీద బరువెక్కుతాయని, అందుకే చివర వస్తారని. స్లయిడు మీద రెండు పాదాల బొమ్మ కూడా పెట్టాను. ఎవరి పాదాలో అడక్కండి, నావే.

ఆ నెల మోడల్ కిరణ్ అనే కుర్రాడి పేరు చెప్పింది. పది రోజుల్లో కిరణ్ రాజీనామా ఇచ్చేశాడు. సుబ్బరాజు గారు నన్ను కౌగిలించుకున్నారు. మనిషి పోతున్నందుకు బాధపడాలన్న సంగతి ఇద్దరమూ మర్చిపోయాం.

పెద్దసారు వచ్చే రోజు రానే వచ్చింది. "ముందోసారి చూసుకోవయ్యా," అన్నారు సుబ్బరాజు గారు.

"ఆయన ఎదుటే బటన్ నొక్కుతానండి. అందులోనే ఉంది మజా," అన్నాను.

మజా నిజంగానే ఉంది. నొక్కాను. తెర మీద పేర్లు పడ్డాయి. త్వరలో మానేసేవారు: మొదటి పేరు సుబ్బరాజు గారు. రెండో పేరు లలిత గారు, ఆఫీసు తెరిచిన రోజు నుంచి ఉన్న మనిషి. ఆ తర్వాత వరసగా సీనియర్లందరూ.

"ఏంటి సుబ్బరాజు గారూ, మీరు కూడానా?" అన్నారు పెద్దసారు.

"అయ్యబాబోయ్, నేనెక్కడికెళ్తానండీ! మొన్ననేగా గృహప్రవేశం అయ్యింది!"

"నా మీద ఎవరు చెప్పారండీ?" అని లలిత గారు కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"మరి అందరికంటే నమ్మకంగా ఉండేదెవరు?" అని అడిగారు పెద్దసారు.

కిందికి జరిపాను. కిరణ్. ఆ సాయంత్రమే అతనికి వీడ్కోలు. కేకు అప్పటికే ఫ్రిజ్‌లో ఉంది.

పెద్దసారు చేతిలో ఒక కాగితం ఉంది. బ్రాంచి మూసివేత కాగితమని సుబ్బరాజు గారి ముఖం చూస్తేనే తెలిసింది. నా మూలంగా ఇంతమంది ఊరు వదలాలా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే టీ కప్పులు తీసుకెళ్లడానికి మంగతాయారు గారు వచ్చారు. మా ఆఫీసులో టీ, తాళాలు, ఊడ్చడం, అన్నీ ఆవిడే. తెర వైపు చూసి ఒక్క క్షణం ఆగారు.

"అయ్యో, తిరగబడిపోయిందండి! పెద్దసారొస్తన్నారని సోమవారం డబ్బా కడిగానండి. కార్డులు పైవి కిందికి, కిందివి పైకి పెట్టేసినట్టున్నాను."

"ఏం డబ్బా?"

"బిస్కెట్ల డబ్బాండి. అందరూ కార్డులు ఇంటికాడ మర్చిపోతన్నారని నా దగ్గరే ఉంచుతారండి. పొద్దున్నే ఎవరెవరొస్తారో నాకు ఫోన్ చేస్తారు కదండి, వరసగా నేనే పెట్టేస్తానండి మెషీన్‌కి."

నా కార్డు కూడా చేరిన రోజునే ఆవిడకి ఇచ్చేశానని అప్పుడు గుర్తొచ్చింది. పదిన్నరకి వచ్చినా తొమ్మిదింపావుకే హాజరు పడుతుంటే, మెషీన్‌కి నా మీద అభిమానం అనుకున్నాను.

"మరి మానేసేవాళ్ల కార్డు చివరికెందుకు వెళ్తోందండీ?" అని అడిగాను.

"వెళ్లిపోయేవాళ్లవి అడుక్కి తోసేస్తానండి. ఎలాగూ తిరిగి ఇచ్చేయాలి కదా, పైన ఎందుకని."

ఇన్నాళ్లూ నేను మోడల్ కట్టింది ఉద్యోగుల మీద కాదు, ఈవిడ మీద! నా కంప్యూటర్ రాత్రింబవళ్లు వేడెక్కి కనిపెట్టినదల్లా, ఈవిడ ముందే తేల్చేసి డబ్బా అడుక్కి తోసిన సంగతి.

"మీకెలా తెలుస్తుందమ్మా?" అన్నారు పెద్దసారు, కాగితం పక్కన పెట్టి.

"వెళ్లేవాళ్లకి మర్యాద ఎక్కువైపోద్దండి. ఉండేవాళ్లు టీ చల్లారిందని ఇసుక్కుంటారండి, పంచదార చాల్లేదంటారు. వెళ్లేవాళ్లకి ఏవిచ్చినా బాగానే ఉంటదండి. కప్పు వాళ్లే కడిగి పెట్టేస్తారు. నీకు పిల్లలెంతమంది మంగతాయారూ అని అప్పుడడుగుతారండి."

నాకు నిజంగా చేతులు జోడించాలనిపించింది. ఇంత చూపు నా చదువు మొత్తంలో ఎక్కడా లేదు.

పెద్దసారు నవ్వారు. "సరే, ఈ గదిలో ఇప్పుడు ఎవరు వెళ్లిపోతారో చెప్పండి."

ఆవిడ కొంగు సర్దుకున్నారు. "ఏవనుకోనంటే చెప్తానండి."

"ఏమీ అనుకోను."

"మీరేనండి. నాలుగేళ్ల నించీ వస్తన్నారు, ఎప్పుడూ నా పేరడగలేదు. ఇయ్యాల గుమ్మంలోనే అడిగారండి. టీ చల్లారిపోయినా బాగుందన్నారు. ఇందాక కప్పు కూడా మీరే కడిగి పెట్టారు."

పెద్దసారు ముఖం ఎర్రబడింది. కాదనలేదు. వచ్చే వారం వేరే కంపెనీలో చేరుతున్నానని, ఇంకా ఎవరికీ చెప్పలేదని మెల్లగా అన్నారు. పోతూ పోతూ ఇంతమంది ఉసురు పోసుకోవడం ఎందుకనుకున్నారో ఏమో, ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. మా బ్రాంచి ఇంకా ఉంది.

అందుకని, గోదావరి తల్లి సాక్షిగా, మీ అందరి ఎదుటా ఒట్టు వేస్తున్నాను. ఇకముందు ఏ లెక్క పెట్టినా, ఆ లెక్క వెనక ఉన్న చెయ్యి ఎవరిదో చూడకుండా స్లయిడు తెరవను. పొగలు కక్కే టీ ఇచ్చినా సరే, చల్లారిపోయిందండీ అని రోజూ విసుక్కుంటాను. ఇక ఈ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ, మంగతాయారు గారు చూస్తుండగా కప్పు మాత్రం కడగను.