మనవరాలి బరువు, డాక్టరమ్మ మాట

మా చిలకలగూడ పిల్లల డాక్టరమ్మ పోయిన ఆదివారం కన్నుమూసింది. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. సంతాప సభలో కాలనీ పెద్దలు మాట్లాడింది విన్నాక నోరు మూసుకుని కూర్చోలేకపోయాను. ‘దేవత’ అన్నారు. ప్రతి జలుబుకూ యాంటిబయాటిక్ రాయనన్నందుకు ఆ దేవతను వదిలేసి అద్దాల ఆసుపత్రికి పరిగెత్తింది వీళ్లే. పిల్లలకు వద్దని ఆమె మొత్తుకున్న కూల్‌డ్రింకులే సభలో పంచారు. సిగ్గన్నది ఉండాలి.

వాళ్లకంటే నేనేం తక్కువ కాదు. కొడుకూ కోడలూ కంప్యూటర్ ఉద్యోగాలకు పొద్దున్నే క్యాబెక్కితే చీకటి పడ్డాకే రాక. ఇది రాస్తున్న ఈ పిల్లను నేనే పెంచాను. చాయ్‌లో బిస్కెట్లు ముంచి పెట్టాను, ఏడిస్తే చిప్స్ ప్యాకెట్ చింపాను. తుమ్మితే చాలు, మెడికల్ షాపులో పాత మందే మళ్లీ తెచ్చి పోశాను. బొద్దుగా ఉందని మురిశాను. దానికి ఎనిమిదేళ్లప్పుడు డాక్టరమ్మ, “పెద్దమ్మా, పిల్ల ఉండాల్సినదానికంటే చాలా బరువుంది” అంది.

“ఏందమ్మా, తినే పిల్లను గట్ల అంటవ్? నీ కళ్లు సల్లగుండ,” అని లేచి వచ్చేశాను. ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తీసి కాల్చాను. ఘాటు రాలేదు. చదువుకున్నదాని దిష్టి ఎంత గట్టిదో అనుకున్నాను.

నెల తిరక్కుండా స్టేషన్ దగ్గర మెట్ల వంతెన ఎక్కుతుంటే పిల్ల సగంలో ఆగిపోయింది. “నానమ్మా, నువ్వు పో. నేను మెల్లగ వస్త.” మోకాళ్ల నొప్పుల ముసలిదాన్ని పైన నిలబడ్డాను. ఎనిమిదేళ్లది కింద రొప్పుతోంది.

మర్నాడు వెళ్లి డాక్టరమ్మకు అంతా చెప్పాను, దిష్టితో సహా.

“మంచిదే. ఆ ఉప్పు పిల్ల నోట్లోకి పోలేదు” అంది. “పేగుల్లో కంటికి కనబడని జీవాలుంటాయి పెద్దమ్మా. మనం తినేదే వాటికీ తిండి. పీచున్నవి తింటే మేలు చేసేవి పెరుగుతాయి. అక్కర్లేని మందు పోస్తే అవీ చస్తాయి.”

“పిల్ల కడుపుల పురుగులా?”

“మీ కడుపులోనూ ఉన్నాయి, నా కడుపులోనూ.”

“గవే లావు జేసినయా?”

“అవి మాత్రమే కాదు. ఆట, నిద్ర, ఒంటి తీరు అన్నీ కలుస్తాయి. ముందు తిండి మారుద్దాం.”

జొన్నరొట్టె, తోటకూర, పెసలు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు పెట్టమంది. “మంచి బ్యాక్టీరియా అని రాసుంది అత్తమ్మా” అంటూ కోడలు తియ్యటి పెరుగు కప్పులు డజను తెచ్చింది. ఒకటి పట్టుకెళ్లి చూపిస్తే డాక్టరమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, “పాయసం బాగుంది” అంది. నాకు అక్షరం రాదు, కోడలికి గోడ నిండా సర్టిఫికెట్లు. తెలివిలో మాత్రం ఇద్దరం ఒకటే.

బరువు చూసినప్పుడు డాక్టరమ్మ అంకె పైకి చదివేది కాదు. ఒకసారి వేరే పిల్లాడి తల్లి ఒకామె మా పిల్లను చూసి కిసుక్కుమంటే, “మీరు బయట కూర్చోండి” అంది. రెండేళ్లు పట్టింది. పిల్ల సన్నబడలేదు, రొప్పడం పోయింది.

బొల్లారం సమాధుల తోటలో డాక్టరమ్మను మట్టి చేసిన రోజు, పిల్ల ఎవరి చేయీ పట్టుకోకుండా వంగి పిడికెడు మట్టి వేసి వచ్చింది. కోడలు చేతుల మీది క్రిములను చంపే మందు సీసా తీసింది. నేను పిల్ల చెయ్యి ఇవ్వలేదు. గేటు దాకా ఆ మట్టిచెయ్యి నా చేతిలోనే ఉంది.