దరువు లేని నడక

మా ముత్తాత మేల్పాడిలో మణియం చేసినవాడు. శిస్తు వసూలు, ఊరి తగవులు ఆయన చేతి మీదుగానే సాగేవి. మా తాత గుర్రం దిగితే కళ్లెం అందుకోవడానికి మనిషి ఉండేవాడు. ఆ వంశంలో పుట్టిన నేను వేలూరు చుట్టుపక్కల గుర్రాలకు సెన్సర్లు కట్టి పరీక్ష చేస్తాను. ఇందులో నాకు చిన్నతనమేమీ అనిపించదు. గుర్రాన్ని చూడడం మా ఇంటివాళ్లకు తెలిసిన విద్యే.

సెన్సర్ అగ్గిపెట్టె అంత పరికరం. తల మీద, నడుము మీద, ముంగాలికి ఒక్కొక్కటి కట్టి గుర్రాన్ని నడిపిస్తాం. నొప్పి ఉన్న ముంగాలు నేలకు ఆనేటప్పుడు గుర్రం తల కాస్త ఎత్తుతుంది. కంటికి అందని ఆ తేడాను ఏఐ పట్టి, ఏ కాలిలో లోపమో ఫోనులో గీత గీసి చూపుతుంది.

రెండేళ్ల కిందట ఆడి నెల. పెళ్లిళ్లు లేక ఊరేగింపు గుర్రాలు కట్టుకొయ్యల దగ్గరే నిలబడే కాలం. గుడియాత్తంలో గోవిందప్ప అనే పెద్దాయన తన మేళం గుర్రాన్ని అమ్మకానికి పెట్టాడు. తొరపాడిలో పిల్లలకు స్వారీ నేర్పే స్టెల్లమ్మ కొనాలనుకుని నన్ను వెంట తీసుకెళ్లింది. దాని మీద ఎక్కేది చిన్న పిల్లలు. పరుగులో ముంగాలు మడతపడిందంటే బిడ్డ నేల మీద ఉంటుంది.

గోవిందప్ప నన్ను ఎగాదిగా చూశాడు. "మీ తాత గుర్రమెక్కి వచ్చేవాడంట. నువ్వు పెట్టె ఎత్తుకోని వచ్చినావే నాయనా!"

నేను పెట్టె తెరిచాను. సెన్సర్లు కట్టి, నడిపించమన్నాను.

గీత తిన్నగా వచ్చింది, అంటే ఏ కాలికీ లోపం లేనట్టు. లేత గుర్రానికి కూడా అంత తిన్నగా రాదు. నాకు అనుమానం వచ్చింది. నొప్పి తెలియకుండా ఏదో మందు పెట్టి ఉంటాడు. స్టెల్లమ్మకూ అదే తోచినట్టుంది.

"ఏమప్పా, సూది ఏమన్నా వేసినావా?"

"అయ్యో, ఏం మాటమ్మా అది! దీనికి మేత వేసినాకే నేను సంగటి ముట్టేది!"

మళ్లీ నడిపించమన్నాను. ఈసారి గుర్రాన్ని వదిలి ఆయన్ను గమనించాను. ఎడమ చేతిలో పగ్గం. కుడి చెయ్యి తొడ మీద దరువు వేస్తూ ఉంది.

"ఆ చెయ్యి ఆపు, గోవిందప్పా."

"యే చెయ్యి?"

ఆయనకు తెలియనే తెలియదు. చెయ్యి ఆపాడు, నాలుక టకటకలాడించడం మొదలుపెట్టాడు. స్టెల్లమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను పగ్గం లాక్కుని, మాటా పలుకూ లేకుండా నడిపించాను. నాలుగడుగులు వేసేసరికి గుర్రం తల ఊగింది. గీత ఒక పక్కకు ఒరిగింది. ఎడమ ముంగాలు.

గోవిందప్ప కూలబడి ఆ డెక్కను ఒడిలోకి తీసుకున్నాడు. వేలితో నొక్కగానే గుర్రం కాలు లాక్కుంది.

"దరువు లేకుండా దీన్ని నేను యాడా నడిపించిందే లేదు నాయనా. ఈ కాలితోనే ఆడిస్తా ఉండానే ఇన్నాళ్లూ!"

మేళం గుర్రానికి పిల్లప్పటి నుంచే దరువుకు అడుగు వేయడం నేర్పుతారు. దరువు వినబడితే అది నొప్పిని దిగమింగి కాళ్లు సమానంగా ఎత్తుతుంది. ఏఐ అబద్ధం చెప్పలేదు, ఆటను కొలిచి నడక అని చెప్పింది. నేను మనిషిని అనుమానించాను. అనుమానించవలసింది పరీక్ష జరిగిన తీరును. ఇప్పుడు ఏ గుర్రం దగ్గరకు వెళ్లినా, అది ఏ పని చేసి బతికిందో ముందు అడుగుతాను, ఆ తర్వాతే పెట్టె తెరుస్తాను.

స్టెల్లమ్మ గుర్రాన్ని కొనలేదు. గోవిందప్ప దాన్ని మళ్లీ ఊరేగింపుకు తీయలేదు. డెక్క వైద్యానికి ఇంట్లో ఉన్న పాడి ఆవును పొయిగై సంతలో అమ్మేశాడు.