డెక్ మీద పొయ్యి

మావారు ఊపిరితిత్తుల డాక్టరు. అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా ఇళ్ల చుట్టూ డేటా సెంటర్లు లేస్తున్నకొద్దీ, ఆయాసంతో వచ్చే పిల్లలు ఎక్కువవుతున్నారని ఆయనకి అనిపించింది. కరెంటు పోతే వాటిని నడిపే డీజిల్ జనరేటర్ల పొగే కారణమా, కాదా? అదొక్కటి తేల్చాలని క్లినిక్ అమ్మేసి, ఆ డబ్బంతా యూనివర్సిటీలో గాలి మీద చేసే రీసెర్చ్‌కి ఇచ్చేశారు. "మనకి పిల్లలు లేకపోతే, ఊళ్ళో పిల్లలంతా మీ నెత్తినేనా?" అని దెప్పాను. "మరింకెవరి నెత్తినే?" అన్నారు.

మా తెలుగు చర్చిలో భోజనాల దగ్గర అందరినీ బతిమాలి, ఇళ్ల వెనక చెక్క అరుగుల్లాంటి డెక్‌ల మీద గాలిని కొలిచే చిన్న పెట్టెలు బిగించారు. మా డెక్ మీదా ఒకటి. ఈలోగా ఆయనకే క్యాన్సర్ అని తేలింది. "జవాబు చూసే పోతానే" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

ఏడాది తిరిగాక రీసెర్చ్ చేసే తెల్లమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది, మొహం వేలాడేసుకుని. మావాళ్ళ ఇళ్లన్నిటి దగ్గరా వీకెండ్స్‌లో గ్రాఫ్ మీద పొగ గీత ఆకాశానికి ఎగిరిందట. జనరేటర్లది కాదు, ఏమిటో తెలియట్లేదంది.

మాకు తెలుసు. ఇల్లంతా వాసన పడుతుందని వేపుళ్ళు మేం లోపల చెయ్యం, డెక్ మీద గ్యాస్ పొయ్యి పెట్టుకుంటాం. ఆ పొయ్యి పక్కనే పెట్టె. ఇన్ని చదువులు చదివి ఒక్కరికైనా తట్టిందా! మా ఇంట్లో శనివారం శనివారం వంజరం వేపుడు. కీమో మొదలయ్యాక ఆయన నోటికి రుచించేది అదొక్కటే.

ఆయన గీత మీద వేలు పెట్టి, "ఇదిగో, మా ఆవిడ చేపలు" అని ఆ పిల్లకి చెప్పి పడీ పడీ నవ్వారు. నవ్వు కాస్తా దగ్గయింది. ఆ లెక్కలు పనికిరావు, మళ్ళీ మొదటినుంచీ కొలవాలంది. "అలాగే" అన్నారు. ఆయనకంత టైం లేదని ముగ్గురికీ తెలుసు.

అందరూ పొయ్యిలు గరాజ్‌లోకి మార్చారు. నేనూ మారుస్తానంటే ఒప్పుకోలేదు. "మనింటి లెక్క వదిలెయ్యమని ఆ పిల్లకి చెప్పాను. నేనున్నన్నాళ్ళూ నా చేపలు ఇక్కడే వేగాలి" అన్నారు. డెక్ మీద కుర్చీలో కూర్చుని, ఒకటో రెండో ముక్కలు తిన్నారు, అంతే. చలికాలం దాటలేదు.

మొన్న ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. జవాబు ఇంకా తేలలేదట. నన్ను ఓదార్చాలనుకుందేమో, మా ఇంటి గీత తెరిచి చూపించింది. మార్చి నుంచీ శనివారాలు చదునుగా ఉన్నాయి. "మీ ఇల్లు ఇప్పుడు లెక్కలోకి వస్తుంది" అంది సంతోషంగా.

"తినేవాళ్ళు లేరు తల్లీ" అన్నాను. తెలుగులోనే అన్నాను. ఆ పిల్ల ఎదుటే భోరుమన్నాను.