పెరడు చూడని సంబంధం

పోయిన నెల మిషిగన్‌లోని నోవై ఊళ్ళో ఒక దోసెల హోటల్లో కూర్చున్నాను. పక్క టేబుల్ దగ్గర మన పిల్లలే నలుగురు, ఆఫీసు బ్యాడ్జీలు మెడలోంచి తీయకుండానే వచ్చి, ఏదో ఫుట్‌బాల్ జట్టు గురించి కీచులాడుకుంటున్నారు. "సీజన్ టికెట్స్ రెన్యూ చేద్దామా వద్దా, ఈ వారంలో తేల్చాలి బ్రో," అన్నాడొకడు. "ఆ ఓనర్‌ని నేను ట్రస్ట్ చెయ్యను. ప్లేయర్స్‌ని అమ్మేస్తున్నాడు. క్లబ్ డబ్బు ఎటు పోతోందో ఎవడికీ తెలీదు," అంది ఒకమ్మాయి. "వదిలేస్తే మన సీట్లు మళ్ళీ పక్కపక్కన దొరకవు కదా," అన్నాడు ఇంకొకడు దాదాపు ఏడుపు గొంతుతో. నా చేతిలో దోసె ముక్క చట్నీలో మునిగి అక్కడే ఆగిపోయింది. అక్షరం పొల్లుపోకుండా ఇవే మాటలు నలభై ఏళ్ళ కిందట మా అక్కావాళ్ళ బేస్‌మెంట్‌లో విన్నాను. ఇన్నేళ్ళకి మళ్ళీ ఎవరో పక్కన కూర్చుని అప్పజెబుతుంటే వాళ్ళ వైపు తిరిగి కూర్చున్నాను.

మాది తెనాలి. మా బావది సికింద్రాబాద్. ఆ సంబంధం ఖాయం చేసింది మా అమ్మమ్మ. సంబంధాలు చూడటంలో ఆవిడ దిట్ట. "పెళ్ళివారి హాలు చూసి మురిసిపోకూడదే, పెరడు చూడాలి," అనేది. కట్టెలు ఎంత ఎత్తున పేర్చారు, బావి చేదకి తాడు కొత్తదా పాతదా, అంట్లు తోమే మనిషి మొహంలో కళ ఉందా లేదా, ఇవీ ఆవిడ చూసేవి. బావ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కూడా కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పెరట్లోకి నడిచిందట. అక్కడ తీగమీద బురద మరకలు పోని ఫుట్‌బాల్ మేజోళ్ళు ఆరేసి ఉన్నాయట. "కుర్రాడు ఆరోగ్యంగా ఉన్నాడు, ఇచ్చేద్దాం," అని తీర్పు చెప్పేసింది. పాపం అవి పెట్టెలోంచి తీసి ఉతికిన పాత మేజోళ్ళని, మోకాలు విరిగి బావ అప్పటికే ఆట మానేశాడని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

డెబ్భైల చివర్లో నేను చదువుకోడానికి మిషిగన్ వచ్చి అక్క దగ్గరే ఉన్నాను. బావ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆఫీసులో ఆయన నోరు విప్పేవాడు కాదని అక్క చెప్పేది. ఈయన ఇంగ్లీషు అక్కడివాళ్ళకి అర్థమయ్యేది కాదు, వాళ్ళ జోకులు ఈయనకి అర్థమయ్యేవి కావు. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అని పిలిచే ఆటంటే ఆయనకి ఒళ్ళుమంట. "బాల్‌ని చంకల వెట్టుకొని ఉరికేదాన్ని ఫుట్‌బాల్ అంటరా? గుడి ముంగట కొబ్బరికాయ ఎత్తుకపోయే దొంగ లెక్క!" అనేవాడు. అలాంటి మనిషికి కాలితో తన్నే అసలు ఆట ఆడే జట్టు ఒకటి మా దగ్గర్లో వెలసిందని తెలిసింది. ఆ వారంలోనే సీజన్ టికెట్లు కొని, తెలిసిన తెలుగువాళ్ళందరినీ బతిమాలి, తిట్టి, మా అందరికీ కలిపి ఒక వరస సీట్లు సంపాదించాడు.

ఆ వరస గురించి చెప్పాలి. ఒక చివర బావ, పక్కన అక్క, నేను, తరవాత గుంటూరు డాక్టరుగారి కుటుంబం, ఆపైన మరో రెండు కుటుంబాలు. హాఫ్ టైమ్‌లో అక్క సిల్వర్ ఫాయిల్ విప్పితే పులిహోర ఇంగువ వాసన నాలుగు వరసల అవతలికి పోయేది. డాక్టరుగారు క్రైస్తవులు. స్టేడియం హోరులో కూడా కళ్ళు మూసుకుని ప్రార్థన చేయందే ముద్ద ముట్టేవారు కాదు. ఇక బావ సంగతి చెప్పనక్కరలేదు. వారమంతా మూసుకున్న నోరు అక్కడ తెరుచుకునేది. ఎక్కడో సముద్రం అవతల్నించి వచ్చి మా జట్టులో ఆడే పొడుగాటి ఆటగాడొకడు ఉండేవాడు. అతని కాలికి బంతి తగిలితే చాలు, బావ లేచి నిలబడి "పాస్ ఇయ్యిరా పొడుగూ!" అని అరిచేవాడు. ఆ భాష ఏమిటో అతనికి తెలియదు. కానీ కొన్నాళ్ళకి ఆ అరుపు వినపడగానే మా వరస వైపు తిరిగి చెయ్యెత్తడం మొదలుపెట్టాడు. అతను చెయ్యెత్తిన రోజు బావ ఇంటికి వచ్చేదాకా కూనిరాగాలు తీస్తూ కారు నడిపేవాడు.

ఎనభైలు వచ్చాక గుసగుసలు మొదలయ్యాయి. ముందు హాఫ్ టైమ్ బ్యాండు మాయమై టేపురికార్డరు వచ్చింది. ఓనరు మారాడన్నారు. కాదు, మారలేదు, అతని బావమరిది వచ్చాడన్నారు. ఆటగాళ్ళ జీతాల చెక్కులు బ్యాంకునుంచి తిరిగొస్తున్నాయని పేపర్లో రాశారు. ఆ చలికాలమే టికెట్లు రెన్యూ చేయమని కబురొచ్చింది. మా వరస మొత్తం ఒకే గ్రూపుగా తీసుకున్నది. ఒక్క కుటుంబం తప్పుకున్నా దాన్ని ముక్కలు చేసి ఎవరెవరికో ఇచ్చేస్తారు. ఒక ఆదివారం డాక్టరుగారు తమ తెలుగు ప్రార్థన కూటం ముగించుకుని నేరుగా మా బేస్‌మెంట్‌కి వచ్చారు.

"ఇంజనీరుగారూ, ఆ క్లబ్బు కోసం ప్రార్థన చెయ్యమంటే చేస్తానండీ. చెక్కు మాత్రం రాయను," అన్నారు కూర్చోకుండానే.

"గట్లంటే ఎట్ల డాక్టర్ సాబ్? మీరు పోతే లైనంత పోతది," అన్నాడు బావ.

"లెక్కలు చూపించమనండి మరి. మనం కట్టింది ఎవరి జేబులోకి పోతుందో తెలియకుండా మళ్ళీ ఎట్లా కడతామండీ?"

బావ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. డాక్టరుగారికి ఆ ఆట వినోదం. బావకి అది వారానికోసారి గొంతు విప్పే చోటు. ఇంతలో క్లబ్బువాళ్ళు పాత టికెట్‌దారులందరినీ స్టేడియంలో విందుకి పిలిచారు. అక్క వెంటనే, "వెళ్ళి చూసొద్దామండీ. సంబంధం చూడ్డానికి వెళ్ళమూ? అట్లాగే," అంది. ఆ మాట అందరికీ నచ్చింది. అమ్మమ్మ మనవరాళ్ళం ఇద్దరం పట్టుచీరలు కట్టుకుని, మంచులో కాళ్ళు జారుతూ, క్లబ్బు స్తోమత తేల్చడానికి బయల్దేరాం.

ఆ హాలు చూసి మాకు మతిపోయింది. తెల్లటి బట్టలు పరిచిన బల్లలు, పువ్వులు, వెండిలా మెరిసే పళ్ళేలు. మేం గొడ్డుమాంసం తినమని ఎలా తెలుసుకున్నారో, మా బల్లకి విడిగా అన్నం, బఠాణీల కూర తెప్పించారు. అందులో ఉప్పూ లేదు, కారమూ లేదు. అయినా అక్క కళ్ళు చెమ్మగిల్లాయి. "మన కోసం ప్రత్యేకం వండించారే! ఇట్లాంటివాళ్ళు మోసం చేస్తారా?" అంది నా చెవిలో. డాక్టరుగారు తల వంచి ప్రార్థన చేస్తుంటే, బల్లల మధ్య తిరుగుతున్న ఓనరు మా దగ్గర ఆగి, తనూ తల వంచుకుని చివర్లో "ఆమెన్" అన్నాడు. అంతే, గుంటూరు కోట కూలిపోయింది. ఐస్‌క్రీము రాకముందే డాక్టరుగారు రెన్యూవల్ కాగితం మీద సంతకం పెట్టేశారు. ఆయన వెనకే అందరూ పెట్టారు.

ఆటగాళ్ళతో చేతులు కలపడానికని వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళిన బావ అప్పుడు తిరిగొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. తిరుగు ప్రయాణంలో డాక్టరుగారూ మా కార్లోనే వచ్చారు. కొంత దూరం పోయాక బావ ఉన్నట్టుండి, "వద్దు సాబ్. రేపు ఫోన్ చేసి క్యాన్సిల్ చేస్కోర్రి. పైసలు ఇయ్యకుర్రి," అన్నాడు. మేం నిర్ఘాంతపోయాం. ఈ మనిషేనా పోయిన ఆదివారం బతిమాలింది! "ఎందుకండీ?" అని అక్క ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. "మరి మీరు క్యాన్సిల్ చేసుకుంటారా?" అని డాక్టరుగారు నిలదీస్తే, "నా ముచ్చట వేరే. నేను కడ్త," అన్నాడు. ఇదేదో వేళాకోళం అనుకున్నారు డాక్టరుగారు. "బావా, మీకు తిక్క," అన్నాను నేను. ఎవరం క్యాన్సిల్ చేసుకోలేదు.

మంచు కరిగింది. మొదటి ఆట రోజు వచ్చింది. దారిపొడవునా కార్లో పాత తెలుగు పాటల క్యాసెట్ మోగుతూనే ఉంది. రేడియో పెట్టి ఉంటే తెలిసేదే, పొద్దున్నించీ అందులో చెబుతూనే ఉన్నారట. స్టేడియం పార్కింగ్ ఖాళీగా ఉంది. మనమే ముందొచ్చామని అక్క సంతోషించింది. గేటుకి గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. క్లబ్బు మూతపడిందని ఒక కాగితం అంటించి ఉంది. నాకు ఆ వాక్యం చదవడం వచ్చింది గానీ అర్థం చేసుకోవడం రాలేదు. డాక్టరుగారు గొలుసు పట్టుకుని ఊపి చూశారు. ఆమెన్ అన్న మనిషి ఇలా చేస్తాడని ఆయన బుర్రకి ఎక్కడం లేదు. ఏం చేయాలో తోచక గోడ పక్కగా నడుచుకుంటూ స్టేడియం వెనక్కి వెళ్ళాం. అక్కడ ఒక ట్రక్కు నిలబడి ఉంది. గోల్ స్తంభాలు, వలలు, విందులో మేం కూర్చున్న కుర్చీలు అన్నీ దానిలోకి ఎక్కిస్తున్నారు. అప్పులవాళ్ళు పంపారట. విందు వండినవాళ్ళకి కూడా డబ్బు ముట్టలేదని ఆ మనుషుల్లో ఒకడు నవ్వుతూ చెప్పాడు. అక్క అలా చూస్తూ నిలబడిపోయింది. "హాలు చూసి మురిసిపోయామే. పెరడు ఇప్పుడు చూస్తున్నాం," అంది. ఆ గొంతు అచ్చం మా అమ్మమ్మది.

తిరిగి వస్తుంటే పార్కింగ్ మూలన ఒక పాత కారు కనపడింది. స్టీరింగ్ ముందు పొడుగాయన, పక్కన భార్య, వెనక ఇద్దరు పిల్లలు. అతనికీ ఎవరూ చెప్పలేదు. ఆట ఆడటానికి వచ్చాడు. నేను అంతవరకూ కోపంలో ఉన్నాను గానీ, అతన్ని చూశాక కోపం కూడా మిగల్లేదు. బావ అక్క చేతిలోంచి పులిహోర పొట్లాలన్నీ తీసుకుని కుంటుకుంటూ వెళ్ళి కిటికీలోంచి అందించి వచ్చాడు. వచ్చాక చెప్పాడు: "ఆ దినం దావత్‌ల వీడు బ్రెడ్ రోల్సు కోటు జేబుల దాస్కుంటుండె. పిల్లలకోసం. నేను చూసిన్నని వాడు చూసిండు."

"అప్పుడే చెప్పొచ్చు కదండీ!" అంది అక్క.

"తినేటోని కంచంలకు చూడొద్దంటది మా అమ్మ. చూసినా చెప్పొద్దు." మళ్ళీ తనే, "గా సంగతి చూసినంక నేనెట్ల కట్టకుంట?" అన్నాడు.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పొడుగాయన కారు మెల్లగా కదిలి మా ముందునుంచి రోడ్డెక్కింది. అప్పుడు బావ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఆ ఖాళీ పార్కింగ్ దద్దరిల్లేలా, "పాస్ ఇయ్యిరా పొడుగూ!" అని అరిచాడు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి పైకి లేచింది. అది మలుపు తిరిగేదాకా అలాగే ఉంది. ఆ తరవాత బావ చాలా ఏళ్ళు బతికాడు. అంత గట్టిగా అరవడం మాత్రం మళ్ళీ ఎవరం వినలేదు.

దోసెల హోటల్లో నేను వాళ్ళ వైపే చూస్తున్నానని పిల్లలు కనిపెట్టారు. "సారీ ఆంటీ, అరుస్తున్నామా?" అంది ఆ అమ్మాయి. పర్లేదు, అరవండమ్మా అన్నాను. ఆ ఏడుపు గొంతు కుర్రాడు నవ్వి, "మీరైతే రెన్యూ చేస్తారా ఆంటీ?" అని అడిగాడు. పెరడు చూసి రమ్మని చెబుదామనే నోరు తెరిచాను. ఇప్పుడు బావ లేడు, డాక్టరుగారు లేరు, ఆ స్టేడియమూ లేదు. అక్కకి నా పేరే గుర్తుండటం లేదు. "అందరికీ పక్కపక్కనే సీట్లు వస్తాయా?" అని అడిగాను. వస్తాయన్నాడు. "అయితే చేసెయ్యండి," అన్నాను. గేటుకి తాళం ఎప్పుడు పడుతుందో కాలం ఎవరికీ ముందుగా చెప్పదు, మా వరసకీ చెప్పలేదు.