అత్తగారి స్నానానికి వేడినీళ్ళు

కొత్త బాయిలర్‌ని ఇంటి నీళ్ళ పైపులకి నేనే కలుపుతానంటే మా ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"మా అమ్మ మొదటిసారి వస్తోంది. అసలే చన్నీళ్ళు పడవు. ప్లంబర్‌ని పిలవండి."

"గ్యాస్ పని లైసెన్స్ ఉన్నాయన చేసి వెళ్ళాడు కదా. మిగిలింది రెండు పైపులు. ఒకదాంట్లో చన్నీళ్ళు పోతాయి, ఇంకోదాంట్లో వేడినీళ్ళు వస్తాయి. ఇంజనీర్‌ని, ఆ మాత్రం చెయ్యలేనా?"

"సరే. మా అమ్మ ఒక్కసారి చన్నీళ్ళు పోసుకున్నా మీ టూల్ బాక్స్ డొనేట్ చేసేస్తాను."

ఆ టూల్ బాక్స్ అంటే నాకు ప్రాణం. అందులో సగం పనిముట్లు దేనికో నాకే తెలియదు, అది వేరే సంగతి.

న్యూజెర్సీలో మేం కొన్నది పాత ఇల్లు. ఇల్లు వెచ్చబెట్టేదీ, కొళాయిలకి వేడినీళ్ళిచ్చేదీ ఇప్పుడు ఈ ఒక్క బాయిలరే. పాత ట్యాంకులాగా నీళ్ళు కాచి దాచుకోదు. కొళాయి తిప్పితే వెలుగుతుంది, కట్టేస్తే ఆరిపోతుంది. ఒక వీడియో కంఠతా వచ్చేదాకా చూసి, రెండు రోజులు బేస్‌మెంట్‌లో వెల్లకిలా పడుకుని కలిపేశాను. షవర్ టెస్ట్ చేశాను, వేడి. వంటింటి సింక్ టెస్ట్ చేశాను, వేడి. ఒక్క చుక్క లీక్ లేదు. పొంగిపోయాను.

రాజమండ్రి నుంచి అత్తగారు దిగారు. షవర్ ఆవిడకి నచ్చలేదు. ఇండియన్ స్టోర్ నుంచి బకెట్టూ మగ్గూ తెప్పించుకున్నారు. మర్నాడు పొద్దున్న బాత్రూమ్‌లోంచి "గోవిందా! గోవిందా!" అని ఇల్లు దద్దరిల్లింది.

"మీ అమ్మగారికి ఎంత భక్తి!" అన్నాను.

"ఏమో, అక్కడున్నప్పుడు ఇంత లేదే" అంది మా ఆవిడ.

బయటికి రాగానే అడిగాను. "నీళ్ళెలా ఉన్నాయండీ అత్తయ్యగారూ?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి బాబూ!"

నాలుగు రోజులు అదే గోవిందనామం, అదే మెప్పు. ఆఫీస్‌లో కనపడిన ప్రతివాడికీ బాయిలర్ ఫోటోలు చూపించాను. అయిదో రోజు నా పనితనం కళ్ళారా చూసుకుందామని, ఆవిడ స్నానానికి వెళ్ళగానే బేస్‌మెంట్‌లోకి దిగి బాయిలర్ ముందు నిలబడ్డాను. పైపులో నీళ్ళు పోతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. బాయిలర్ మాత్రం వెలగలేదు. పైనుంచి "గోవిందా!" అని కేక. అది భక్తి కాదు, చలి అని అప్పుడర్థమైంది.

సంగతి మా ఆవిడకి చెప్పక తప్పలేదు. తను వెళ్ళి వాళ్ళమ్మని నిలదీసింది.

"కొళాయి ఎంత తిప్పుతున్నావమ్మా?"

"సన్నగానే తిప్పుతున్నానే. అక్కడ మన గీజర్ సన్నగా తిప్పితేనే కదా బాగా కాగేది!"

మా బాయిలర్ తీరు దానికి పూర్తిగా తలకిందులు. సన్న ధారకి అసలు కొళాయి తిప్పినట్టే దానికి తెలియదు. నేను అన్నీ టెస్ట్ చేశాను కానీ బకెట్టూ మగ్గూ టెస్ట్ చెయ్యలేదు.

"చల్లగా ఉన్నాయని చెప్పొచ్చు కదా!" అంది మా ఆవిడ.

"అల్లుడుగారు నేలమీద పడుకుని మరీ పెట్టారటే. బాగాలేవనడానికి నోరెలా వస్తుంది?"

సిగ్గుతో చచ్చిపోయాను. టూల్ బాక్స్ నేనే తెచ్చి మా ఆవిడ ముందు పెట్టాను. తను దాన్నీ నన్నూ చూసి, "రేపు ఒక్క ఛాన్స్" అంది.

మర్నాడు కొళాయి పూర్తిగా తిప్పమని అత్తగారికి మరీ మరీ చెప్పాం. అయిదు రోజుల పాపానికి పరిహారంగా, ఎవరికీ చెప్పకుండా బాయిలర్ వేడి బాగా పెంచాను. ఆవిడ లోపలికి వెళ్ళారు. కింద బాయిలర్ భగ్గుమంది. బకెట్టు నిండింది. ఆ తర్వాత, అంతకు ముందెన్నడూ విననంత గట్టిగా, "గోవిందా! గోవిందా!"

తలుపు దగ్గరికి పరిగెత్తాను. "అత్తయ్యగారూ, నీళ్ళెలా ఉన్నాయండీ?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి బాబూ!"

వేడి తగ్గించడానికి బేస్‌మెంట్‌లోకి దూకుతుంటే, మా ఆవిడ టూల్ బాక్స్ పట్టుకుని కార్ వైపు వెళ్తూ కనిపించింది.