పదకొండో గేటు

మా ఆయన నాగేందర్ గురించి చెప్పమంటే ముందు నాకు కోపమే వస్తుంది. మంచివాడు కాడని కాదు. తాగడు, చేయి చేసుకోడు, సంపాదించింది తెచ్చి ఇంట్లో ఇస్తాడు. ఊళ్ళో ఆడవాళ్ళంతా "నీ అదృష్టం ఉమారాణీ" అని నాకే చెబుతుంటారు. నా కోపం వేరే. ఎవరేం చేయమన్నా ఆయన కాదనడు. టేపు తీసి కొలుస్తాడు, ఇనుము కోస్తాడు, అతికిస్తాడు, బిగించి వస్తాడు. ఎక్కడ బిగిస్తున్నాడో, ఎవరికి అడ్డం బిగిస్తున్నాడో అడగడు.

ఆయన వెల్డర్. మొయినాబాద్‌లో చేవెళ్ళ రోడ్డు పక్కన చిన్న రేకుల షెడ్డు. మా పెళ్ళయిన కొత్తలో ట్రాక్టర్ ట్రాలీలు బాగుచేసేవాడు, బోరు మోటార్లకు స్టాండ్లు చేసేవాడు. ఆరేళ్ళలో ఆ పని పోయింది. ఇప్పుడన్నీ గేట్లే. చేను అమ్మగానే గోడ లేస్తుంది, గోడ లేవగానే గేటు కావాలంటారు. పట్నం వాళ్ళ ఫామ్‌హౌసులకు అంతెత్తు గేట్లు చేసి, ప్రతి గేటుకూ పై మూలన చువ్వ వంచి ఒక చిన్న పువ్వు పెట్టడం ఆయన అలవాటు. ఎవరూ అడగరు, ఆయనే పెడతాడు. అంత ముచ్చట పడి చేసిన గేట్లలో ఒక్కదాని లోపలికి కూడా మమ్మల్ని ఎవరూ రమ్మనలేదు.

అయినా మా ఆదివారాలు ఆ గేట్ల చుట్టే గడిచాయి. వానలు తగ్గి ఎండ కాస్త మెత్తబడ్డాక బండి తీసేవాడు. ముందు ట్యాంకు మీద మా పింకీ, వెనక నేను. చిన్న మంగళారం మీదుగా కనకమామిడి వైపు పోతుంటే మూలన పువ్వు కనిపించినప్పుడల్లా పింకీ "గిది బాపుది!" అని అరిచేది. అట్లా అరుస్తూనే లెక్క నేర్చింది. ఒకటి, రెండు, మూడు. మూడున్నరేళ్ళకు పది దాకా తప్పు లేకుండా చెబితే అంగన్‌వాడీలో రాధమ్మ టీచర్ ముక్కున వేలేసుకుంది.

"ఎవరు నేర్పిండ్రే నీకు?"

"గేట్లు" అంది నా బిడ్డ.

పదో గేటు దాటాక బండి తిప్పి గండిపేట కట్ట దాకా పోయి, కాల్చిన మక్క కంకులు తిని, నీళ్ళు చూసి వచ్చేవాళ్ళం. మా షికార్లంటే అవే. మూసిన గేట్లను బయటి నుంచి చూసి సంబరపడే సంసారం మాది అని నేను దెప్పితే, ఆయన నవ్వేవాడు.

ఇంట్లో కూడా ఆ ఇనుమే. పింకీ మొదటిసారి నిలబడింది షెడ్డులో సగం అయిన గేటు చువ్వలు పట్టుకుని. చేతులకు ఇనుప రజను గుచ్చుకుంటుందని నేను కేకలేస్తుంటే ఆయన ఫోనుతో ఫోటో తీస్తూ కూర్చున్నాడు. నడక నేర్వడానికి పాత బేరింగులతో మూడు చక్రాల బండి చేశాడు. అది నడిస్తే వాడకట్టంతా నిద్ర లేచేది. నడక వచ్చి రోడ్డెక్కుతుంటే మా గడపకు మోకాలెత్తు గేటు చేశాడు, దానికీ పువ్వు. తర్వాత ఆడుకోవడానికి ఇనుప పొయ్యి, గిన్నెలు. గిన్నెలకు మూతలు లేవని పింకీ చాలా రోజులు ఏడ్చింది.

ఆ మూతలు శ్రావణంలో దొరికాయి. ఒక సాయంత్రం ఆయన జేబులోంచి నాలుగు మందపాటి ఇనుప బిళ్ళలు తీసి దాని చేతిలో పెట్టాడు. అవేమిటో నాకు తెలుసు. గేటును స్తంభానికి నిలువుగా ఉండే బందుల మొలల్లో కూర్చోబెట్టాక, ఎవరూ పైకెత్తి ఊడదీయకుండా మొలల నెత్తిన ఆ బిళ్ళలు పెట్టి వెల్డింగ్ కొడతారు. అవి లేకపోతే పని సగమే అయినట్టు.

"ఇవి కొట్టకుండనే వచ్చినవా?" అన్నాను.

"కరెంటు పోయింది. రేపు పోయి కొడ్త."

"ఏడిది గేటు?"

"కనకమామిడి రోడ్డుకే" అని చేతులు కడుక్కోవడానికి పోయాడు. మర్నాడు పోలేదు, ఆ తర్వాతా పోలేదు. పని సగంలో వదలని మనిషికి ఈ బద్ధకం ఎక్కడిదని నేను వారం రోజులు సణిగాను. బిళ్ళలు పింకీ గిన్నెల మీద మూతలయ్యాయి.

ఇంతలో బతుకమ్మ వచ్చింది. మా ఊరి బతుకమ్మలన్నీ చివరి రోజు, సద్దుల నాడు, ఊరి బయటి కుంటలోనే వదులుతాం. కుంటకు పోయేది బండ్ల బాట, పదహారు అడుగుల వెడల్పు, ఊరి నక్షలో గీత గీసి ఉన్న బాట. కొత్త కోడలిగా నేను నా మొదటి బతుకమ్మను మోసుకుపోయింది ఆ బాటనే. కిందటేడు పింకీకి జ్వరం, నా భుజం మీద నిద్రపోయింది. అంతకు ముందు మరీ పసిది. ఈసారి నాలుగేళ్ళు నిండాయి. "నా బతుకమ్మ నేనే ఎత్తుకుంట, నేనే నీళ్ళల్ల ఇడుస్త" అని పదిహేను రోజులు జపం చేసింది. వాళ్ళ బాపు దానికోసం రేకు గుండ్రంగా కోసి, అంచులు చేయి కోసుకోకుండా మడిచి, గులాబీ రంగు వేసి చిన్న తాంబాళం చేశాడు.

పువ్వులకు ఒక ఆదివారమంతా పోయింది. గునుగు ఎర్రగా, తెల్లగా విరగబూసిన బీళ్ళన్నీ ఇప్పుడు పచ్చగడ్డి పరిచిన లాన్లు. గోడల పక్కన, కాలువ గట్ల మీద ఏరితే రెండు కట్టలు దొరికాయి. రోజూ చేవెళ్ళ దగ్గరి తోటలో కూలికి పోయి బుట్టల కొద్దీ బంతి, చామంతి కోసే దాన్ని, నా బిడ్డ బతుకమ్మకు గునుగు కోసం దొంగలా గోడలు తొంగిచూశాను. దొరికిన దానికి ఇంట్లో నీలం, గులాబీ రంగులు అద్దాం. మా అత్త అంతమ్మ మలీద ముద్దలు కట్టింది.

సద్దుల సాయంత్రం నలభై మందిమి ఊళ్ళోంచి బయలుదేరాం. పింకీ తన జానెడు బతుకమ్మను రెండు చేతులా పట్టుకుని, ఎవరు సాయం పట్టబోయినా గింజుకుంటూ ముందు నడిచింది. కుంట బాట మలుపు తిరగగానే పాట ఆగిపోయింది. బాటకు అడ్డంగా నల్లటి గేటు. రెండు రెక్కలు, మధ్యన గొలుసు, తాళం. అటూ ఇటూ ఉన్న రెండు చేన్లు కొన్నవాళ్ళు ఒక్కరే. గోడ కడుతున్నారని, గేటు పెట్టారని తెలుసు, కానీ లారీల కోసం తెరిచే ఉంచడంతో ఎవరూ ఏమీ అనుకోలేదు. చువ్వల సందుల్లోంచి చూస్తే లోపల షామియానా, పెద్ద స్పీకర్లు. పట్నం చుట్టాలు మనిషెత్తు బతుకమ్మ పెట్టుకుని ఆడుతున్నారు.

గేటు దగ్గర కుర్చీలో చెన్నయ్య మామ ఉన్నాడు. ఆ చేన్లలో ఒకటి ఆయనదే. అమ్ముకుని, ఇప్పుడు వదులు యూనిఫాం తొడుక్కుని దానికే వాచ్‌మన్ అయ్యాడు.

"మామా, తాళం తియ్యి" అన్నాను.

"నా తాన చెవి లేదు బిడ్డా. మేనేజరు తాన ఉన్నది. ఇయ్యాల మెహమాన్లు వచ్చిండ్రు, ఎవ్వల్ని రానియ్యొద్దన్నడు."

నేను నోరు తెరిచేలోపే పింకీ గేటు పై మూలకు చూసింది. దాని ముఖం వెలిగిపోయింది.

"అమ్మా, పువ్వు! గిది బాపుది! పదకొండు!"

నలభై మంది ఆడవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. వెనక మలీద టిఫిన్ పట్టుకుని బండి పక్కన నిలబడ్డాడు మా ఆయన. నాకు ఒళ్ళంతా మండిపోయింది. అంత మందిలో మొగుణ్ణి అనకూడదన్న సోయి కూడా లేదు.

"నువ్వేనా చేసింది? టేపు వట్టుకొని పదారు ఫీట్లు కొలిచినవ్ గదా, నీ కాళ్ళ కింద ఉన్నది ఏ బాటనో కనవడలేదా నీకు?"

"తెరిచే ఉంచుతమన్నరు" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"తెరిచే ఉంచేటోనికి గేటెందుకు?"

మా అత్త గట్టిగా అరవలేదు. "నిన్ను సంకనేస్కొని గీ బాటల్నే పోయిన్రా నేను" అంది. ఆయన ముఖం ఆ మాటకే మాడింది.

చెన్నయ్య మామ మేనేజరుకు ఫోను కలిపి, మాకు వినబడేలా స్పీకర్ పెట్టాడు. అవతలి గొంతు విసుక్కుంది. "పండుగపూట లొల్లి ఏందయ్యా? గేటు బయట నీళ్ళ డ్రమ్ము పెట్టిస్త, అండ్ల ఏసుకొని పొమ్మను."

డ్రమ్ములో వేయాలట బతుకమ్మను. వెనక నుంచి ఎవరో తిట్లు అందుకున్నారు. పింకీ నా కొంగు లాగింది. "అమ్మా, నీళ్ళు ఏడున్నయి?" అని అడిగింది.

అప్పుడు ఆయన టిఫిన్ కింద పెట్టాడు. ఎడమ రెక్క దగ్గరికి పోయి, బందు మొల నెత్తి మీద వేలితో తడిమి చూశాడు.

"అవ్వా, అక్కా, జర బతుకమ్మలు పక్కకు పెట్టుండ్రి. కిందికెల్లి పట్టుండ్రి. జానెడు లేస్తే సాలు."

చీరలు ఎగదోపి పన్నెండు మందిమి వంగాం. నాట్లు వేసిన చేతులు, బస్తాలు ఎత్తిన చేతులు. "ఊ" అన్నాడు. రెక్క లేచింది. మొలల్లోంచి ఊడి, గొలుసు పట్టు మీద పక్కకు తిరిగింది. చెన్నయ్య మామ కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు.

"నేనేం జూడలే" అన్నాడు.

ఆ రెక్క పిల్లల మీద పడకుండా మా ఆయన భుజం ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. అందరం దాటిపోయాం. షామియానా వాళ్ళు ఆట ఆపి చూశారు. మేము ఆగలేదు. కుంటలో పింకీ మోకాళ్ళ దాకా దిగి, గులాబీ తాంబాళం వంచి, తన చేతులతో తన బతుకమ్మను నీళ్ళలోకి తోసింది. అది ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకుని తేలింది. నా బిడ్డ చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోనూ కోపమే ఉంది. తన కూతురు మొదటిసారి చేసిన పనిని వాళ్ళ బాపు చూడలేదు. తాను చేసిన గేటునే మోస్తూ అక్కడ నిలబడ్డాడు.

తిరిగి వచ్చాక అందరి చేతా మళ్ళీ రెక్క ఎత్తించి మొలల్లో కూర్చోబెట్టాడు. ఎందుకని అడిగితే, "కింద పడేసి పోతే కేసు మీ మీదికి వస్తది" అన్నాడు.

ఇంటికొచ్చాక అడిగాను. "బిళ్ళలు మరిచినవా, కావాల్ననే ఇడిశినవా?"

"కరెంటు పోయింది" అన్నాడు. ఆ మాట నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు.

దసరా పొద్దున మేనేజరు ఫోను. వెంటనే వచ్చి బిళ్ళలు కొట్టిపొమ్మని, లేకపోతే పక్క ప్లాట్ల మూడు గేట్లు వేరే వాళ్ళకిస్తామని. పింకీ వాకిట్లో కూర్చుని ఆ బిళ్ళలు మూసిన గిన్నెల్లో మట్టితో పులిహోర వండుతోంది. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు.

"నేను కొట్ట సార్. వేరేటోన్ని సూస్కోండ్రి" అన్నాడు.

ఒక్క నిమిషం నా కోపం చల్లారింది. మరుక్షణం రెండింతలై వచ్చింది. ఈ ఒక్క మాట శ్రావణంలో టేపు తీయక ముందు అని ఉంటే ఏం పోయేది? అదే ఆయన ముఖం మీద అన్నాను.

మూడో రోజుకల్లా ఇంకో వెల్డర్ వచ్చి బిళ్ళలు కొట్టి పోయాడు. మేము నలభై మందిమి సంతకాలు, వేలిముద్రలు పెట్టి, నక్ష జిరాక్సు జతచేసి తహసీల్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. దాని కింద మా ఆయన తన చేత్తో రాశాడు: "ఆ బాటను టేపుతో కొలిచింది నేను. పదహారు అడుగులు ఉన్నది. దానికి అడ్డం గేటు చేసింది నేనే." తీసుకున్నాయన చదివి, "నీ గేటు మీద నువ్వే ఫిర్యాదు చేస్తున్నవా?" అని నవ్వాడు. "అవును సార్" అన్నాడు ఈయన. చూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

మొన్న ఆదివారం చాలా రోజుల తర్వాత బండి తీశాడు. పింకీ ఎప్పటిలాగే అరుస్తూ పది దాకా వచ్చింది. కుంట మలుపు దగ్గర గేటు మూసి ఉంది. మొలల నెత్తిన కొత్త బిళ్ళలు, ఇంకా రంగు వేయక తెల్లగా మెరుస్తున్నాయి. పింకీ వాటిని తేరిపార చూసింది.

"గిది బాపుది కాదు" అంది. "బాపు బిళ్ళలు నా తాన్నే ఉన్నయి."

వెనక కూర్చున్న నాకు ఆయన వీపు కాస్త వదులవడం తెలిసింది. పసిపిల్ల మాటతో బరువు దిగిపోతే ఎట్లా? నాకు సహించలేదు.

"బాపుదే. పదకొండు. లెక్క వెట్టు" అన్నాను.

పింకీ తల వెనక్కి వాల్చి తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన బండి ఆపాడు. గేటు వైపు చూశాడు, మూలనున్న పువ్వు వైపు చూశాడు.

"అమ్మ చెప్పింది నిజమే బిడ్డా" అన్నాడు. "నాదే."

"పదకొండు" అంది పింకీ. ఈసారి అరవలేదు.