డోంబెక్ గారి సూప్ పరీక్ష

కాజిమిర్ డోంబెక్ గారి ఇళ్ళలో వాటా అద్దెకు కావాలంటే ముందు ఆయన కాచిన పులిసిన క్యాబేజీ సూప్ తాగాలి. అమెరికాలోని ఆ బఫెలో ఊళ్ళో మిగతా ఇంటివాళ్ళంతా, అప్పులు తీర్చే తీరుకు మార్కులేసే క్రెడిట్ స్కోరు చూసి తాళంచెవి ఇస్తారు. డోంబెక్ గారు సూప్ తాగేవాళ్ళ మొహం చూసి ఇస్తారు. ఆ సూప్ పొయ్యి మీదున్న రోజున పోస్ట్‌మాన్ ఉత్తరాలు గేటు దగ్గరే పడేసి, మఫ్లరు ముక్కుకు చుట్టుకుని వీధి అవతలి వైపుకు దాటేస్తాడు.

మార్లీన్ టకర్ ఆయన పేరు వినేనాటికి కూతురు జోసీతో హైవే పక్కన మోటెల్ గదిలో కాపురముంటోంది. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. ఉద్యోగముంది, జీతముంది, లేనిదల్లా స్కోరే. తల్లి ఆపరేషన్ బిల్లులన్నీ క్రెడిట్ కార్డు మీద కట్టి, ఆ బాకీ తీర్చలేక స్కోరును పాతాళానికి తెచ్చుకుంది. ఇల్లు చూపించిన ప్రతివాడూ మొదట నవ్వుతూ మాట్లాడేవాడు. కంప్యూటర్‌లో ఆ అంకె కనబడగానే గొంతు సవరించుకుని, ఇల్లు ఇంకెవరికో మాటిచ్చేశానని గుర్తు తెచ్చుకునేవాడు.

బస్సుల డిపోలో పనిచేసే ఇర్మా అనే ఆవిడ డోంబెక్ గారింట్లోనే అద్దెకుంటోంది. వెళ్ళి అడగమని మార్లీన్‌ని పంపింది ఆమే. ఏం చేస్తే పరీక్ష నెగ్గుతామో మాత్రం చెప్పలేకపోయింది. "నేను అమృతంలా ఉందన్నాను, ఇచ్చాడు. నా పక్కవాటా ప్లంబరు ఒక్క చెంచా తాగి సింకులో ఉమ్మేశాడట. వాడికీ ఇచ్చాడు. ఇక నీ అదృష్టమే తల్లీ."

మార్లీన్ బస్సు యూనిఫాంలోనే వెళ్ళింది. డోంబెక్ గారు ఏప్రన్ కట్టుకుని తలుపు తీశారు. పొట్టి మనిషి, గరిటె మాత్రం చాలా పొడుగు. దాచి లాభం లేదనుకుని ఆమె గడపలోనే చెప్పేసింది, తన స్కోరు ఏమీ బాగాలేదని. ఆయన విననట్టే కుర్చీ లాగి, "చల్లారిపోతోంది, కూర్చో అమ్మాయ్" అన్నారు.

మొదటి చెంచాకే కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. చాలా బాగుందని చెప్పింది. ఆయన మురిసిపోయి మళ్ళీ నింపారు. మోటెల్ గదిలో మంచం మీద పుస్తకాలు పరుచుకుని చదువుకునే జోసీని తలుచుకుని అదీ తాగేసింది. మూడోసారి గరిటె లేచేసరికి చెయ్యడ్డం పెట్టింది.

"ఇల్లివ్వకపోయినా ఫర్వాలేదండీ. ఇంక నావల్ల కాదు."

డోంబెక్ గారు చాలాసేపు ఆమె మొహం పరిశీలించారు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టి, ఇంత గట్టి మనిషిని ఈ మధ్య చూడలేదన్నారు. ఆ రోజు మార్లీన్ మోటెల్‌కి నడిచి వెళ్ళిందో ఎగిరి వెళ్ళిందో ఆమెకే తెలియదు. ఎన్నో ఏళ్ళకు ఆమె ఏదో ఒకటి నెగ్గింది.

పై వాటాలోకి మారాక ఆ పరీక్షలు చూడడం ఆమెకు సినిమా కన్నా ఎక్కువైంది. ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. స్కోరు ఆకాశంలో ఉందని తనే చెప్పుకున్నాడు, మూడు గిన్నెలు తాగి నాలుగోది అడిగాడు. చెంచా పట్టుకోవడం తిన్నగా రాదని డోంబెక్ గారు పంపించేశారు. ఒక బ్యాంకు ఆఫీసరు ఉప్పెక్కువైందని నిజం చెప్పాడు. నాలుక దురుసని అతన్నీ పంపించేశారు. దివాలా తీసి, దుకాణం మూసేసుకున్న వర్జిల్ అనే ముసలాయన చేతులు వణికి గిన్నెను తెల్లటి బల్లగుడ్డ మీద బోర్లించాడు. ఒలికిన సూప్‌ను తుడిచే పద్ధతి అద్భుతమని మెచ్చుకుని, డోంబెక్ గారు ఆయనకు మూలింట్లో వాటా ఇచ్చేశారు.

మార్లీన్‌కి అప్పుడు తట్టింది. మర్నాడు మెట్లమీద మంచు తోడుతూ ఆయన్ని సూటిగా అడిగేసింది. "స్కోరు బాగున్నవాళ్ళు ఏం చేసినా తప్పుతారు, పాడైనవాళ్ళు ఏం చేసినా నెగ్గుతారు. అంతేనా?"

డోంబెక్ గారు వీధి అటూ ఇటూ చూశారు. "మెల్లిగా మాట్లాడవే. ఆ డాక్టరుకు ఏ వీధిలోనైనా ఇల్లు దొరుకుతుంది. వర్జిల్‌కి ఎవడిస్తాడు?"

"అద్దె ఎగ్గొడితే?"

కొందరు ఎగ్గొట్టారని ఆయన ఒప్పుకున్నారు. ఒకడైతే పోతూ పోతూ స్నానాలగది తలుపు కూడా ఊడదీసుకుపోయాడట. ఆ తలుపుతో వాడికేదో అవసరం పడి ఉంటుందని వదిలేశారట. మార్లీన్ తోడడం ఆపి పార మీద చేతులానించింది. బస్సులో రోజూ అంతమందిని చూస్తుంది, ఇలాంటి మనిషిని మాత్రం చూడలేదు.

"మరి ఊరికే ఇచ్చేయొచ్చు కదండీ. ఈ పరీక్ష ఎందుకు?"

"ఊరికే ఇస్తే జాలిపడి ఇచ్చాననుకుంటారు. ఇక్కడికి వచ్చేసరికే తల వంగిపోయి ఉంటుంది పాపం. నెగ్గి తీసుకున్నామనుకుంటే ఆ మెట్లు తలెత్తుకుని ఎక్కుతారు."

తనెలా ఎక్కిందో గుర్తొచ్చి మార్లీన్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అది మింగేసి, అయితే సూప్ అంత ఘోరంగా కావాలనే కాస్తారన్నమాట అంది.

డోంబెక్ గారి మొహం వాడిపోయింది. "ఘోరంగా ఉంటుందా?"

ఆమె నాలిక్కరుచుకుని సర్దిచెప్పేలోపు గేటు దగ్గర ఎవరో ఆగారు. చంకలో బిడ్డ, భుజాన పెద్ద సంచీ, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడిన ఒకావిడ. డోంబెక్ గారు సంగతంతా మరిచిపోయి పొయ్యి వెలిగించడానికి లోపలికి పరుగెత్తారు. మార్లీన్ పార పక్కన పెట్టి ఎదురెళ్ళి సంచీ అందుకుంది.

"ఇక్కడ స్కోరు చూడరు, ఏదో పరీక్ష పెడతారని విన్నాను. కష్టంగా ఉంటుందా అక్కా?" అని అడిగింది ఆవిడ.

మార్లీన్ మొహం ఎంతో గంభీరంగా పెట్టింది.

"చాలా కష్టం. నెగ్గేవాళ్ళు మహా అరుదు."